విశ్రాంతికై వేచియుండని వీరాస్వామయ్యగారు

మన నియోగి కుటుంబములకు కొలువు తరతరములనుండి జీవనాధారము. ఊరి కరణీకము మొదలు న్యాయస్థానముల వఱకు మనవారు కలమునే నమ్ముకొని బ్రదికిరి. అందుచేతనే కాబోలు, తీర్థయాత్రయైనను దేశాటనమైనను ఉపకార వేతనము చేతికి వచ్చిన పిమ్మట చూచుకొందమనుట మనయందు పరిపాటి యైనది. అట్టివారెల్లరు తెలిసికొనదగినది ఏనుగుల వీరాస్వామయ్యగారి చరిత్రము.

వీరు క్రీ.శ. 1780 ప్రాంతమున చెన్నపట్టణమున జన్మించిరి. తొమ్మిదవయేట పితృవియోగము కలిగెను. పండ్రెండవయేటనే కొలువునకు కుదిరి, స్వయంకృషిచే ఆంగ్లమును, దేశభాషలను అభ్యసించి, క్రమముగా చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన ద్విభాషి పదవి నందిరి. సాక్షి పలుకును ఆంగ్ల న్యాయాధిపతులకు తెలియజెప్పుట వారి పని. ఒక్క మాట తప్పినచో ఒకని యాస్తి, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవచ్చును. అంతటి బరువైన పనిలో వారి వయస్సు ఏబదికి చేరెను.

అప్పుడు వారు ఉద్యోగము చాలించుకొనువఱకు ఆగలేదు. న్యాయాధిపతులవద్ద సెలవు గైకొని 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరిరి. చెన్నరాజధానిలో మొదటి పొగబండి నడచుటకు ఇంకను ఇరువదియాఱేండ్ల కాలమున్నది. పల్లకీలు, డేరాలు, బోయీలు, పరిచారకులు, బంధువులు, అందఱు కలసి సుమారు నూఱుమంది. తిరుపతి సేవించి, మన ఎఱ్ఱగుంట్లకు తూర్పుననున్న కడపమీదుగా అహోబిలము, శ్రీశైలము దర్శించి, హైదరాబాదు, నాగపురము దాటి ప్రయాగ, కాశి, గయలు చూచిరి. గంగపై పడవలలో సాగి కలకత్తా చేరి, జగన్నాథమును సేవించి, సముద్రతీరపు బాటను 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పదునేను మాసములకు మించిన ప్రయాణమిది.

వారు కన్నులు మూసికొని నడచిన యాత్రికులు కారు. ఏ యూర నీరు మంచిది, ఏ మజిలీలో దినుసులు దొరకును, ఎచ్చట నీడ కలదు, ఏ దేశపు జనుల నడవడి యెట్టిది అను విషయములను దినదినము వ్రాసియుంచి, మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి తెలుపుచుండిరి. పండితులకు మాత్రమే గాక అందఱకును తెలియు వాడుక తెలుగున వ్రాసిరి. దైవదర్శనముతోబాటు బాటసారి చిన్న సుఖములును వారికి వ్రాయదగినవిగానే తోచినవి.

తిరిగివచ్చి మఱల కొలువు చేసిరి. 1833వ సంవత్సరపు ఘోరక్షామమున ఆకలిగొన్నవారికి అన్నము పెట్టించిరి. 1835లో ఉద్యోగమునుండి విరమించిరి. 1836 అక్టోబరు 3వ తేదీన పరమపదించిరి. పిళ్లగారు 1838లో అచ్చువేయించిన కాశీయాత్రచరిత్రను వారు కన్నులార చూడనేలేదు. ఆ గ్రంథమును దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో పరిష్కరించి మరల ప్రకటించిరి.

చదువరులు లెక్కవేసి చూడుడు. నలువదేండ్లకు మించిన కొలువునకు దక్కిన విశ్రాంతి రెండేండ్లైనను లేదు. యాత్రను ఆ విశ్రాంతికై నిలిపియుంచినచో కాశి దక్కకపోయెడిది, తెలుగువారికి ఆ గ్రంథమును దక్కకపోయెడిది.

నేడు మనకు పల్లకీ అక్కఱలేదు. ఎఱ్ఱగుంట్లనుండి నంద్యాలకు 2016లో రైలుమార్గము తెఱవబడినది. అహోబిలయాత్రకు మజిలీలు లెక్కింప పనిలేదు. జమ్మలమడుగు చెంత గండికోట క్రింద పెన్న కొండను చీల్చుకొని పాఱుచున్నది. పుష్పగిరి కోవెలలు కడప చేరువనే యున్నవి. వీనిని చూచుటకు ధనముకంటె కాళ్లలో సత్తువ ముఖ్యము, అది పదవీవిరమణ దినము వఱకు మనకై కాచుకొని యుండదు. కావున ఉద్యోగస్థులగు సోదరులు ఏటేట కొన్ని దినములైనను ఇందులకై కేటాయింతురు గాక. పిన్నలు ఇంటి పెద్దలను, వారు నడువగలిగినప్పుడే, వెంటబెట్టుకొని పోవుదురు గాక. చూచినదానిని నాలుగు పంక్తులైన వ్రాసియుంచినచో వీరాస్వామయ్యగారి ఋణము కొంత తీఱును.