ఏడిపించి లేపిన పాట: సుద్దాల హనుమంతు జీవితం

ఆలేరు, జనగామ దిక్కు నుంచి వచ్చే రైలు సికింద్రాబాదులో దిగి, ముందు వాకిలికి పోకుండా స్టేషన్ వెనక దారిన బయటపడితే చిలకలగూడ వస్తుంది. ఊళ్లో పని దొరకని దినాల్లో మన కూలీలు ఎందరో ఈ దారినే పట్నంలో అడుగుపెడతారు. మొన్న ఒక సాయంత్రం ఆ బస్తీలోని ఇరుకు గదిలో అట్లా వచ్చినవాళ్లం పదిహేను మందిమి కూచున్నాం. కూలిరేట్ల మీద మాట్లాడుకుందామని పిలుపు. మాట సాగలేదు. పొద్దంతా సిమెంటు మోసి వచ్చినవాళ్లు గోడకు ఆనుకుని కునికిపాట్లు పడుతున్నారు. అప్పుడు ఒక పెద్దమ్మ, ఎవరూ అడగకుండానే, 'పల్లెటూరి పిల్లగాడా' పాట ఎత్తుకున్నది. కునుకుతున్నవాళ్లు లేచి కూచున్నారు. ఇంకాసేపటికి కండ్లు తుడుచుకున్నారు. పాట అయిపోయినంక కూలిరేట్ల మీద గంటసేపు మాట్లాడిన్రు, మేము ఆపినా ఆగలేదు.

బయటికి వచ్చినంక ఒక పిల్లవాడు మమ్మల్ని అడిగాడు. మీరు అరగంట చెప్పిన మాటకు కదలనివాళ్లు ఆ పాటకు ఎందుకు కదిలారని. మాకు కొంచెం సిగ్గనిపించింది గాని ప్రశ్న మంచిదే. దానికి జవాబు ఆ పాట రాసినవాని జీవితంలో ఉన్నది.

సుద్దాల హనుమంతు నల్లగొండ జిల్లా మోత్కూరు దగ్గర పాలడుగులో, పేద పద్మశాలి ఇంట పుట్టారు. తర్వాత సుద్దాల ఆయన ఊరైంది, ఇంటి పేరుకు బదులు ఆ ఊరి పేరే నిలిచింది. పెద్ద చదువులు లేవు. చదువుకు బదులు యక్షగానాలు, హరికథలు, భజనలు. వాటిని విని, నేర్చి, పాడి పెరిగారు. పొట్టకూటికి హైదరాబాదు పోయి సర్కారు కొలువులో చిన్న పని చేశారు. అక్కడ ఆర్యసమాజం గాలి తగిలింది. కొలువు వదిలి ఊరికి తిరిగి వచ్చారు. ఆ రోజుల్లో సర్కారు కొలువు, ఎంత చిన్నదైనా, వదులుకునేవాడిని ఊరు పిచ్చివాడంటుంది. అన్నదో లేదో గాని, వచ్చిన ఆయన మాత్రం ఊరికే కూచోలేదు.

ఊళ్లో ఏమున్నది? దొర గడి ఉన్నది, వెట్టి ఉన్నది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఒక్కో కులానికి ఒక్కో రకం వెట్టి. అప్పు కింద పసిపిల్లల్ని జీతం పెట్టించుకుని పశువుల వెంట తోలడం ఉన్నది. దొర ఇంట పండుగయితే డప్పు కొట్టేవానికి కూలి లేదు, అదీ వెట్టే. ఈ డప్పు సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగినంక అది పల్లె జనం నోట ఉత్త సంఘంగా మారిపోయింది. హనుమంతు ఆ సంఘం మనిషయ్యారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తర్వాత సాయుధ పోరాటం, రజాకార్లు, 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు, 1951 అక్టోబరులో పోరాట విరమణ. ఈ చరిత్ర మన కార్యకర్తలకు తెలిసిందే. ఈ కాలంలో హనుమంతు చేతిలో ఉన్న ముఖ్యమైన ఆయుధం పాట. అది ఎట్లా పనిచేసిందో చూద్దాం.

ఆయన కొత్త కళ తెచ్చిపెట్టలేదు. జనం దగ్గర ఉన్నవాటినే తీసుకున్నారు. గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం. భుజాన గొంగడి, చేతిలో కర్ర, పక్కన వంతపాట. ఆ రూపం కనబడగానే ఊరు పనులు మానుకుని వస్తుంది. తాతల నాటి నుంచి ఆ బాణీలతో ముడిపడ్డ నవ్వులు, జాతరలు, వెన్నెల రాత్రులు వింటున్నవాని మనసులో ముందే ఉన్నాయి. రాగం వినగానే ఆ తలపులన్నీ లేస్తాయి. పాత పాట ఒకటి విని ఎప్పుడో పోయిన అవ్వ మొగం గుర్తుకు రానివాళ్లు మనలో ఎవరు? మెదడులో రాగం, జ్ఞాపకం అంత దగ్గరి చుట్టాలు. హనుమంతు ఆ తలుపు గుండా లోపలికి పోయి వెట్టి మాట చెప్పారు. తెలియని బాణీలో చెప్పి ఉంటే జనం వాకిట్లోనే నిలబెట్టేవాళ్లు.

గొల్లసుద్దుల్లో హాస్యం ఉంటుంది. దొరను చూసి పదిమంది కలిసి నవ్విన రాత్రి తర్వాత, తెల్లవారి ఆ దొర ముందు చెప్పులు విప్పి నిలబడడం మునుపటంత సులువు కాదు. భయం ఒంటరిగా ఉన్నప్పుడే బలంగా ఉంటుంది.

ఇప్పుడు పిల్లగాడి పాట సంగతి. ఆ పాటలో దొరను తిట్టడం కన్నా పశువులు కాసే పిల్లవాడిని పలకరించడమే ఎక్కువ. ఒక్కొక్కటే అడుగుతూ పోతుంది. పిల్లవాడు జవాబివ్వడు. ఇవ్వవలసింది వింటున్న మనం. మా ఉపన్యాసం జవాబులన్నీ మేమే చెప్పేసింది, అందుకే కునుకు వచ్చింది. దుఃఖంలో ఉన్న మనిషి ఎట్లా మాట్లాడతాడు? మెల్లగా, గొంతు దించి, మాట మాటకు ఆగుతూ. దుఃఖపు పాట కూడా అట్లాగే నడుస్తుంది. చెవి దాన్ని మనిషి ఏడుపుగానే గుర్తుపడుతుంది, ఊపిరి ఆ నడకకు తగ్గుతుంది. బుద్ధి అర్థం చేసుకునే లోపలే ఒళ్లు అర్థం చేసుకుంటుంది.

కెనడాలో మాంట్రియల్ నగరపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో ఒక పరిశోధన ప్రకటించారు. ఇష్టమైన సంగీతం వింటూ ఒళ్లు గగుర్పొడిచే క్షణంలో మనిషి మెదడులో డోపమిన్ అనే రసాయనం ఊరుతుందని తేల్చారు. ఆకలిగొన్నవానికి అన్నం దొరికితే కలిగే సంతోషంలో కూడా దాని పాత్ర ఉన్నది. ఇంకో విశేషం. ఆ ఘట్టం రాబోతున్నదని ఎదురుచూసేటప్పుడే అది ఊరడం మొదలవుతుంది. పల్లవి మళ్లీ వస్తుందని తెలిసి కాచుకుని ఉండి, రాగానే అందరం అందుకోవడంలో ఉన్న సుఖం ఇదే. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో, కలిసి పాడేవాళ్ల గుండెలు కూడా ఒక వరసన వేగం పెంచి తగ్గిస్తాయని చూపించారు. కలిసి పాడితే ఊపిరి ఒకటవుతుంది గదా, గుండె ఊపిరి వెంట నడుస్తుంది. నాట్లేసే మన ఆడవాళ్లకు ఈ సంగతి యంత్రాలు లేకుండానే తెలుసు. పాట ఉంటే నడుము నొప్పి తెలియదంటారు.

అయితే ఇక్కడ ఒక చిక్కున్నది, దీన్ని దాచకూడదు. నాటుపాట పాడితే నొప్పి తెలియదు, నిజమే. పని తొందరగా సాగుతుంది, అదీ నిజమే. మరి లాభం ఎవరికి? పాడండి పాడండి అని ఆసామి గట్టు మీద నిలబడి ఉత్సాహపరచేది మన నడుము మీద జాలితో కాదు. రాగానికి తనంతట తాను న్యాయం, అన్యాయం తెలియదు. డప్పు సంగతి కూడా ఇదే. దొర ఊరేగింపు ముందు వెట్టికి కొట్టిన డప్పే సంఘం ఊరేగింపులోనూ మోగింది. తోలు అదే, దరువు అదే. కొట్టేవాడు తన కోసం కొడుతున్నాడు, వినేవాడు తనవాళ్ల మధ్య నడుస్తున్నాడు. అందుకని మొదటిదానికి తల వంగింది, రెండోదానికి లేచింది. ఈనాడు ఎన్నికలొస్తే మన బాణీలనే తీసుకుని, మాటలు మార్చి, పెద్ద పెద్ద సౌండు బాక్సుల్లో పెట్టి మన వాడల్లోనే తిప్పుతున్నారు. మన పిల్లలు వాటికే ఎగురుతున్నారు. పిల్లల్ని తిట్టి లాభం లేదు, దరువు దాని పని అది చేస్తుంది.

హనుమంతు పాట ఏడిపించి వదిలిపెట్టేది కాదు. ఏడ్చినవాని పక్కన సంఘం ఉన్నది, వెట్టి చెయ్యనని చెప్పే ధైర్యం ఉన్నది, ఆ చెప్పినవాని వెనక ఊరు ఉన్నది. ఏడుపు ఒక్కటే అయితే మనసు తేలికపడి మనిషి పోయి పండుకుంటాడు. ఇది మేము కూడా చాలాసార్లు చేసిన తప్పు. సభలో మంచి పాట పాడించి, జనం కండ్లు తడవగానే చప్పట్లు కొట్టించి, సభ ముగిసిందని చెప్పి పంపేస్తాం.

పోరాటం ఆగినంక కూడా ఆయన రాశారు. 'వీర తెలంగాణ' యక్షగానం ఆయనదే. 1980లో విడుదలైన 'మా భూమి' సినిమాలో పిల్లగాడి పాట వినబడితే, పోరాటం చూడని తరం కూడా కదిలింది. అప్పటికి రాసినాయన బతికే ఉన్నారు. క్యాన్సర్ జబ్బుతో 1982 అక్టోబరు 10న కన్నుమూశారు. కొడుకు అశోక్‌తేజ తర్వాత సినిమా పాటల రచయితగా పేరు పొందారు.

వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం చిలకలగూడలో అదే గదిలో మళ్లీ కూచుంటున్నాం. ఈసారి పాట మొదట, కూలిరేట్ల కాగితం వెంటనే, ఉపన్యాసం ఉంటే గింటే చివర. పెద్దమ్మ నాట్లకని ఊరికి పోయింది. ఆ పాట మొత్తం వచ్చినవాళ్లు మీలో ఎవరన్నా ఉంటే తప్పక రావాలి, మాకు రెండు చరణాలు దాటి రాదు.