మిహాయిల్ త్స్వెత్ పండితుని జీవితము

పచ్చని ఆకును చూచినపుడు అందొక్కటే రంగు గలదని మనకు తోచును. అందు పెక్కు రంగులు కలసియున్నవనియు, వానిని చెడకుండ వేఱుచేయవచ్చుననియు లోకమునకు చూపిన మహనీయుడు మిహాయిల్ త్స్వెత్. రష్యా భాషలో ఆయన యింటిపేరునకు రంగని యర్థము.

ఈయన 1872వ సంవత్సరము మే 14వ తేదీన ఇటలీలోని ఆస్తి పట్టణమున జన్మించెను. తండ్రి రష్యా దేశీయుడు. ఇటలీ దేశీయురాలగు తల్లి, శిశువు పుట్టిన కొలదికాలమునకే గతించెను. బాల్యము స్విట్జర్లాండున గడచెను. 1896లో జినీవాలో డాక్టరు పట్టమును పొంది రష్యాకు పోగా, అచ్చట దానిని అంగీకరింపరైరి. ఆయన నిరాశ చెందక మరల పరిశ్రమించి, 1901లో కజాను నగరమున వేఱొక పట్టము గడించి, వార్సా నగరమున అధ్యాపకుడయ్యెను.

1903లో అచ్చటి శాస్త్రజ్ఞుల సభయందు తన పద్ధతిని తెలిపి, 1906లో దానికి క్రొమటోగ్రఫీ యని పేరిడెను. గాజుగొట్టమున సుద్దపొడిని కూరి, ఆకులనుండి తీసిన రంగుల ద్రావణమును పైనుండి పోయుదురు. పొడి యొక్కొక్క రంగును ఒక్కొక్క బలముతో పట్టును. గట్టిగా పట్టువడినది పైన నిలుచును. వదులుగా పట్టువడినది క్రిందికి జాఱును. ఇట్లు పసుపు, పచ్చ పట్టెలు వేఱువేఱుగా కనబడును.

ఇందలి రహస్యమంతయు పొడి యెన్నికలో నున్నది. బలము చాలనిచో రంగులు విడివడవు. మితిమీఱినచో సుకుమారమగు పత్రహరితము చెడిపోవును. త్స్వెత్ నూఱింటికి పైగా పొడులను పరీక్షించి సౌమ్యమగు వానిని గ్రహించెను. విల్‌స్టాటర్ మొదలగు ప్రఖ్యాతులు మాత్రము ఈ పద్ధతియే రంగులను మార్చునేమోయని శంకించిరి. ఇంతలో యుద్ధము వచ్చెను. 1915లో వార్సా విడిచి, ఊరూర తిరిగి, 1919వ సంవత్సరము జూన్ 26వ తేదీన వొరోనెజ్ నగరమున, నలువది యేడవ యేట, ఆ పండితుడు కన్నుమూసెను.

పండ్రెండేండ్ల పిదప, 1931లో, జర్మనీలోని హైడెల్‌బర్గున కూన్, లెడరర్ మున్నగువారు ఆ పద్ధతిని మరల చేపట్టి జయమొందిరి. అల్యూమినా పొడి వాడుక హెచ్చెను. దానిని బాగుగ కాచినచో తేమ పోయి పట్టు హెచ్చును; నీరు చేర్చినచో, ఆ నీరే రేణువుల పైభాగము నాక్రమించుటచే పట్టు తగ్గును. 1941లో బ్రోక్మన్, షోడర్ అనువారు రంగుల సాయమున ఆ బలమును కొలిచి, అయిదు తరగతులుగా విభజించిరి. నీరు లేనిది మొదటి తరగతి. నూటికి సుమారు 3, 6, 10, 15 పాళ్లు నీరు చేర్చినచో క్రమముగా తక్కిన నాలుగు తరగతులు కలుగును. త్స్వెత్ ఓర్పుతో వెదకిన తగుబలము ఇట్లు కొలతకు లోనయ్యెను.

విద్యార్థులారా! ఎల్లయెడల అధికబలమే మేలు కాదు. పనికి తగిన బలమే మేలు. సత్యమును కనుగొన్నవాడు దాని గౌరవమును చూడకయే పోవచ్చును. సత్యము మాత్రము పోదు.