నాయనమ్మ కట్టిన గంట

చైనా బొమ్మ ఎక్కడ కనబడినా నా చూపు ముందు మూలనున్న ఎర్రముద్ర మీదికే పోతుంది. నల్లసిరాతో గీసిన నాలుగాకులు, బోలెడంత ఖాళీ కాగితం, ఓ పక్కన చిన్న ఎర్ర చదరం. కడిగిన మొహాన కుంకుమబొట్టు పెట్టినట్టుంటుంది. ఆ ముద్ర పడితేగాని అక్కడ బొమ్మ పూర్తయినట్టు కాదు. చాలామంది చిత్రకారులు బొమ్మ తాము గీసుకుని, ముద్ర వేరేవాళ్ళ చేత చెక్కించుకునేవారు. రెండూ తనే చేసి, రెంటిలోనూ మొదటి వరసలో నిలబడ్డవాళ్ళు కొద్దిమంది. వాళ్ళలో ఒకాయన చీ బైషి.

1864 జనవరి 1న పుట్టి, 1957 సెప్టెంబరు 16న పోయాడు. రొయ్యలూ, పీతలూ, కోడిపిల్లలూ, క్యాబేజీలూ గీసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. 1925లో ఆయన గీసిన పన్నెండు కొండల దృశ్యాలు 2017 డిసెంబరులో బీజింగ్ వేలంలో పధ్నాలుగు కోట్ల డాలర్లకు పోయాయి. ఆయన గురించి రాసేవాళ్ళు ఈ లెక్క దగ్గరే మొదలుపెడతారు. నేను మాత్రం ఆయన కథ చదివినప్పుడల్లా ఆ ఇంటి ఆడవాళ్ళ దగ్గర ఆగిపోతుంటాను.

హునాన్ రాష్ట్రంలో షియాంగ్‌టాన్ దగ్గర పల్లెటూరు వాళ్ళది. ఇంటిముందు ఒక్క మడి, మన లెక్కలో పదహారు సెంట్లకు మించదు. వరి నూర్చాక పొయ్యిలోకి గడ్డి తెచ్చుకుంటే, తల్లి దాన్ని ఊరికే తగలబెట్టేది కాదు. దుడ్డుకర్రతో కొట్టి, గడ్డికంటుకున్న నాలుగు గింజలూ రాల్చేది. రోజుకి గుప్పెడు. ఏడాది పొడుగునా అలా కూడబెట్టిన గింజలిచ్చి పత్తి తెచ్చుకుని, వడికి, నేసి పిల్లలకి బట్టలు కుట్టేది. ఇలాంటి సంసారాలు మన ఊళ్ళలో ఎన్ని చూడలేదు!

పిల్లాడిది రోగిష్టి ఒళ్ళు. తాతయ్య పొయ్యిలో బూడిద మీద పుల్లతో అక్షరాలు రాసి నేర్పాడు. 1870లో అమ్మవైపు తాతగారు నడిపే బడికి పంపారు. ఏడాదన్నా నిండకుండానే మాన్పించేశారు, ఇంట్లో గింజల్లేవు. ఇక గొడ్లు కాయడం, పుల్లలేరడం. చదువు మీద ఆశ చావక పుస్తకం గొడ్డు కొమ్ముకు తగిలించుకుపోయేవాడు. చదువులో పడి పుల్లలు మర్చిపోయి వస్తే నాయనమ్మ కేకలేసేది, అక్షరాలు కుండలో పోసి వండుకుంటామా అని. కోపమల్లా అంతే. కొండల్లో పిల్లాడికేమవుతుందోనని బెంగపడి, చిన్న రాగిగంట కొని ఎర్రతాడుతో మెడలో కట్టింది. సాయంత్రం గుమ్మంలో నిలబడి వినేది. గంట చప్పుడు దగ్గరపడితే మనవడు వస్తున్నాడని తెలిసి, అప్పుడు వెళ్ళి పొయ్యి రాజేసేది.

ఆ పిల్లాడే పెద్దయ్యాక ఒక రాతిముద్ర చెక్కుకున్నాడు. గంట తగిలించుకున్నవాడు అని దాని అర్థం. సంతకం పక్కన ఏ బిరుదన్నా చెక్కుకోవచ్చు కదా, ఇదే కావాలనుకున్నాడు.

వడ్రంగి చేయి

1874లో, పదేళ్ళకే పెళ్ళి చేశారు. పిల్ల పేరు చెన్ చున్‌జున్, అతనికన్నా కాస్త పెద్దది. మన దగ్గర పాతరోజుల్లో పెళ్ళయినా పిల్ల ఈడేరేదాకా పుట్టింట్లోనే ఉండేది. అక్కడి పేదిళ్ళలో అలా కాదు. చిన్నప్పుడే అత్తారింటికి పంపేస్తారు, అక్కడే చాకిరీ చేస్తూ పెరగాలి. కాపురం ఎప్పుడో తర్వాత. వీళ్ళ కాపురం 1881లో మొదలైంది.

అప్పటికి అతను వడ్రంగి. ముందు ఇళ్ళు కట్టే వడ్రంగి దగ్గర పెట్టారు, దూలాలు ఎత్తలేకపోయాడు. ఒకరోజు దారిలో ఎదురైన నగిషీ వడ్రంగులకి తన గురువు పక్కకు తప్పుకుని ఒదిగి నిలబడడం చూశాడు. ఇదీ వడ్రంగమే, అదీ వడ్రంగమే, మధ్యలో ఈ ఎక్కువ తక్కువలేమిటి అనిపించింది. పట్టుబట్టి నగిషీ పని నేర్చుకున్నాడు. పందిరి మంచాలకి, బీరువాలకి పూలూ మనుషులూ చెక్కేవాడు.

పనికెళ్ళిన ఒక ఇంట్లో, 1882లో, చిత్రకళ నేర్పే పాత పుస్తకం కనబడింది. ఆవగింజ తోట పేరుతో చైనా అంతటా తెలిసిన పుస్తకం అది. అరువు తెచ్చుకున్నాడు. పగలంతా ఉలి పని, రాత్రి దీపం దగ్గర పల్చటి కాగితం వేసి గీతగీతా ఎత్తడం. ఆరునెలలు పట్టింది మొత్తం దించడానికి. తర్వాత, 1889లో, ఊళ్ళోని పండితులు చేరదీసి బొమ్మలూ పద్యాలూ నేర్పారు. బైషి అన్న పేరూ అప్పుడొచ్చిందే. తెల్లరాయి అని అర్థం, దగ్గర్లోని ఒక మజిలీ పేరు.

ఉలి పక్కనపెట్టి ఇంటింటికీ తిరిగి మనుషుల బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. బతికున్నవాళ్ళవీ, పోయినవాళ్ళవీ. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఊరుకుంటారా? దోమతెర అంచుకో పువ్వు, చెప్పులకో తీగ అంటూ కుట్టుపనికి నమూనాలు గీయించుకునేవారు. అందగత్తెల బొమ్మలు బాగా వేస్తాడని ఊళ్ళో పేరొచ్చింది. నాలుగు డబ్బులు ఇంటికి రావడం చూసి నాయనమ్మ నవ్విందట, అక్షరాలు కుండలో ఉడకవన్నాను, నీ బొమ్మలు ఉడుకుతున్నాయిరా అని. ఆ మాట గుర్తుగా తను బొమ్మలు వేసుకునే గదికి వంటకుండ పేరే పెట్టుకున్నాడు.

బొమ్మలు ఉడికే దాకా ఆ ఇంటిని నడిపింది ఎవరు? చున్‌జున్. కట్టెలు కొట్టేది, కూరపాదులు తవ్వేది, పిల్లల్ని పెంచేది. తిండి చాలనప్పుడు నీళ్ళు తాగి ఊరుకునేది. పుట్టింటివాళ్ళు ఎలా ఉన్నావని అడిగితే, బాగానే ఉన్నానని చెప్పేది. ఇది ఆమె భర్తే తర్వాత చెప్పుకున్నాడు. ఈ ‘బాగానే ఉన్నాం’ మన ఇళ్ళలోనూ తరతరాలుగా వాడుతున్న మాటే కదా!

మూడు డబ్బాల రాతిబురద

ముద్రల కథ ఒక అవమానంతో మొదలైంది. చాంగ్షా నుంచి ముద్రలు చెక్కే ఆయన ఒకడొచ్చాడు. మన వడ్రంగి మంచి రాయి ఒకటి పట్టుకెళ్ళి తన పేరు చెక్కమన్నాడు. నున్నగా లేదు, అరగదీసి తెమ్మన్నాడాయన. అరగదీసి తీసుకెళ్తే, కనీసం చూడకుండా మళ్ళీ అదే మాట. వడ్రంగి అంటే అంత చులకన! రాయి వెనక్కి తెచ్చుకుని, ఆ రాత్రే కాలిగోళ్ళు తీసే కత్తితో తనే చెక్కేశాడు.

ఆ తర్వాత, 1896 ప్రాంతంలో, ఒక మిత్రుణ్ణి అడిగాడు, ఈ విద్య బాగా రావాలంటే ఏం చేయాలని. ఆయన సలహా తేలికే. బండెడు రాళ్ళు తెచ్చుకో. చెక్కు, అరగదీయి, మళ్ళీ చెక్కు. మూడు నాలుగు పిండివంటల డబ్బాలు రాతిబురదతో నిండితే వచ్చేసినట్టే. బైషి నిజంగానే అలా చేశాడు. గదిలో ఒక మూల తడిసి బురదయితే ఇంకో మూలకి జరిగేవాడు. చివరికి కూర్చోడానికి పొడిచోటు మిగల్లేదు. ఆ గది ఊడ్చి తుడిచింది ఎవరో వేరే చెప్పాలా?

ముద్రలకి వాడే రాయి మెత్తటిది, కత్తికి లొంగుతుంది. అక్షరాలు తలకిందులుగా, అద్దంలో కనబడేట్టు చెక్కాలి. మనకి తెలిసిన రబ్బరు స్టాంపు లాగే. ఇంగిలీకం పొడిని నూనెతో, పీచుతో కలిపి నూరిన ఎర్రముద్దలో అద్ది కాగితం మీద నొక్కుతారు. మామూలుగా ప్రతి గీతనీ రెండువైపుల నుంచీ కోసి, అంచులు సవరించి నున్నన చేస్తారు. బైషి అలా చేయడు. ఒక గీతకి కత్తి ఒక్కసారే దిగుతుంది. ఒక అంచు కత్తిరించినట్టు తిన్నగా వస్తే, రెండో అంచు పెచ్చులూడి గరుగ్గా ఉంటుంది. అలాగే వదిలేస్తాడు. ఏళ్ళ తరబడి కర్ర చెక్కిన మణికట్టుకే ఆ ధైర్యం వస్తుంది. పండితులు మొదట మోటుపని అని ముక్కు విరిచారు. ఆయన తనను వడ్రంగుల గురువు లూ బాన్ శిష్యుడినని చెప్పుకుంటూ ఇంకో ముద్ర చెక్కుకున్నాడు. వాళ్ళకి లూ బాన్ అంటే మనకి విశ్వకర్మలాగ. మూడువందల రాళ్ళున్న షావుకారునని మరో ముద్ర. ఆస్తి అంటే అదే అన్నట్టు.

బీజింగ్‌లో

1902 నుంచి 1909 దాకా ఐదుసార్లు దేశాటన చేసి కొండలూ నదులూ చూసొచ్చాడు. సొంత ఊళ్ళోనే స్థిరపడదామనుకుంటే అంతర్యుద్ధాలు, బందిపోట్లు. కాస్త డబ్బున్నవాళ్ళని ఎత్తుకుపోతున్నారు. ఒక దశలో పిల్లలతో సహా కొండల్లో చెట్ల కింద దాక్కున్నారు. చివరికి 1919లో ఆయన బీజింగ్‌లో ఉండిపోవాలని నిర్ణయించుకున్నాడు. చున్‌జున్ రానంది. ఇల్లూ, పొలమూ, పెద్దవాళ్ళూ ఉన్నారు, వదిలి ఎలా వస్తానంది. పరాయి ఊళ్ళో ఆయన్ని చూసుకోడానికి మనిషి కావాలని తనే వెతికి, అదే ఏడాది హు బావోజు అనే అమ్మాయినిచ్చి రెండో పెళ్ళి చేసింది. ఆయనకి యాభైఐదు, ఆ పిల్లకి పదిహేడు.

ఇది నాకు మింగుడు పడదు. ఆ కాలం, ఆ ఆచారం అని సరిపెట్టుకుందామన్నా మనసొప్పదు. ఒకరి ఇళ్ళలో పని చేసుకు బతికిన ఆ పిల్లని ఇష్టమేనా అని ఎవరు అడిగి ఉంటారు? చున్‌జున్‌ని త్యాగమూర్తి అని పొగడడానికీ నోరు రాదు. అయితే ఒక సంగతి మాత్రం మర్చిపోలేను. 1921లో బావోజుకి మొదటి కొడుకు పుట్టినప్పుడు చున్‌జున్ అక్కడే ఉంది. తల్లి ఇంకా చిన్నపిల్ల, నిద్ర ఆగదు, బిడ్డ మీద దొర్లుతుందేమోనని పసివాణ్ణి తన పక్కలో పడుకోబెట్టుకుంది. రాత్రి ఆకలికి ఏడిస్తే ఎత్తుకెళ్ళి తల్లి దగ్గర పాలు తాగించి మళ్ళీ తెచ్చుకునేది.

బావోజు పని సిరా నూరడం, కాగితం పట్టుకోవడం. చైనా సిరా సీసాలో రాదు. మనం ఆముదం దీపం మసితో కాటుక పట్టినట్టు, వాళ్ళు మసి పట్టి జిగురుతో కలిపి కడ్డీలు చేస్తారు. సానరాయి మీద గంధం తీసినట్టు, నీళ్ళతో రాతిపలక మీద అరగదీయాలి. కాగితం నీరు పీల్చేస్తుంది. కుంచె ఒక క్షణం ఎక్కువ ఆగితే మచ్చ పాకిపోతుంది, చెరపడానికి లేదు. రొయ్య ఒళ్ళు గాజులా కనబడడానికి ఆయన పల్చటి సిరాతో గీసి, తడి ఆరకముందే తలలో ఒక చిక్కటి చుక్క వేసేవాడు. బల్ల మీద గిన్నెలో రొయ్యల్ని పెంచుకుంటూ ఏళ్ళ తరబడి చూశాడు. చూసిన కొద్దీ కాళ్ళు తగ్గించుకుంటూ పోయాడు. అసలు రొయ్యకున్నన్ని కాళ్ళు ఆయన రొయ్యకి ఉండవు, అయినా అది ఈదుతుంది! భీమవరంవాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

వచ్చిన కొత్తలో ఆ బొమ్మలు కొనేవాళ్ళు లేరు, సగం ధరకే ఇస్తానన్నా. చెన్ షిజెంగ్ అనే చిత్రకారుడు ఆయన ముద్రలు చూసి వెతుక్కుంటూ వచ్చి, ఎవరినీ అనుకరించకుండా నీ దారిలో గీయమని ప్రోత్సహించాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. 1922లో ఆ మిత్రుడే కొన్ని బొమ్మలు టోక్యో ప్రదర్శనకి తీసుకెళితే అన్నీ మంచి ధరకి అమ్ముడుపోయాయి. అప్పుడు బీజింగ్ కళ్ళు తెరిచింది. స్త్రీ పాత్రలకి పేరుమోసిన నటుడు మే లాన్‌ఫాంగ్, మన స్థానం నరసింహారావుగారి వంటివాడు, పురుగులు గీయడం నేర్చుకోడానికి ఆయన దగ్గర చేరాడు. తర్వాత కాలంలో శాంతినికేతన్ వచ్చి ఠాగూర్ బొమ్మ గీసిన షు బేహోంగ్, ఈయన్ని కళాశాలలో పాఠం చెప్పడానికి పిలిచాడు. ఏడాదన్నా బడికెళ్ళని వడ్రంగిని!

డబ్బు దగ్గర మాత్రం మహా గట్టి. ధరల పట్టిక గోడకి అంటించేవాడు, బేరాల్లేవు. తాళాలు నడుముకి కట్టుకుని, వంటకి బియ్యం తనే కొలిచిచ్చేవాడు. పిసినారి అని నవ్వుకునేవారు. తల్లి గడ్డి దులిపి గింజలేరడం చూస్తూ పెరిగినవాడు ఇంకెలా ఉంటాడు?

ఇంకో చాదస్తం. 1937లో గండం ఉందని జ్యోతిష్కుడు చెబితే, వాళ్ళ లెక్కన డెబ్భైఐదు దాటాల్సిన ఏడు డెబ్భైఏడని రాసుకుని గండాన్ని దాటేశాడు. అప్పటి నుంచి సంతకాల్లో రెండేళ్ళు ఎక్కువే. అదే ఏడు జపాన్ సైన్యం బీజింగ్‌లోకొచ్చింది. అధికారులకి బొమ్మలు అమ్మబడవని తలుపుకి కాగితం అంటించాడు. కొన్నాళ్ళకి అసలు అమ్మడమే ఆపేశాడు. డబ్బు దగ్గర అంత గట్టి మనిషి!

1940 మొదట్లో ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. చున్‌జున్ పోయింది. 1926లో తల్లీ తండ్రీ కొద్దినెలల తేడాతో పోయినప్పుడూ యుద్ధాల వల్ల వెళ్ళలేకపోయాడు, ఇప్పుడూ అంతే. కూర్చుని ఆమెకోసం ఒక వ్యాసం రాశాడు. కట్టెలూ, కూరపాదులూ, నీళ్ళు తాగి ఊరుకోవడమూ అన్నీ అందులో ఉన్నాయి. 1941లో బంధువులను పిలిచి బావోజుని ఇంటి ఇల్లాలిగా ప్రకటించాడు. రెండేళ్ళకే, 1943లో, నలభైఒక్కేళ్ళకి ఆమె కూడా పోయింది.

ఆ తర్వాత పద్నాలుగేళ్ళు గీస్తూనే ఉన్నాడు. 1951లో రచయిత లావో షె ఒక పాతపద్యంలోంచి కష్టమైన కోరిక కోరాడు, కొండవాగు వెంట ఆమడదూరం వినిపించే కప్పల అరుపు బొమ్మలో చూపించమని. ఆయన ఒక్క కప్పా వేయలేదు. రాళ్ళ మధ్య నుంచి వాగు దూకుతోంది, నీళ్ళలో ఆరు తోకకప్పలు కొట్టుకొస్తున్నాయి. తల్లులు పైనెక్కడో ఉన్నాయన్నమాట. నాకు ఆ రొయ్యలన్నిటికన్నా ఇదే ఇష్టం. 1953లో ప్రభుత్వం ప్రజా కళాకారుడని గౌరవించింది, 1956లో అంతర్జాతీయ శాంతి బహుమతి అందుకున్నాడు.

1957లో పోయాక ఆయన్ని బీజింగ్‌లోనే, బావోజు సమాధి పక్కన ఖననం చేశారు. చున్‌జున్ హునాన్‌లో, తను వదిలి రానన్న ఊళ్ళోనే ఉండిపోయింది.