పోటీకి ముందే గెలిపించిన గురువు: సయ్యద్ అబ్దుల్ రహీం

క్రీడారంగంలో ప్రేక్షకునికి కనిపించేది పోటీ మాత్రమే. దాని వెనుక జరిగిన సన్నాహం కనిపించదు. గోలు కొట్టిన వానికి చప్పట్లు దక్కుతాయి. ఆ కాలికి ఆ నేర్పు ఎవరు, ఎంత ఓర్పుతో అలవరచారో అడిగేవారు అరుదు. అట్లా తెరవెనుక నిలిచి, హైదరాబాదు పేరును ఆసియా ఖండమంతటా మారుమ్రోగించిన మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఫుట్‌బాల్ లోకం ఆయనను గౌరవంతో రహీం సాహెబు అని పిలుచుకున్నది. వారి జీవితాన్ని విద్యార్థి లోకానికి పరిచయం చేయుట మా కర్తవ్యంగా భావిస్తున్నాము.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు. కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది క్రీడల బాధ్యతను కూడా చేపట్టారు. వారు తొలుత బడిపంతులు, ఆ పిదపనే ఫుట్‌బాల్ శిక్షకులు. ఈ క్రమాన్ని మనం మరువరాదు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విభజించి, వెనుకబడిన పిల్లవానికి కూడా అందేటట్లు చెప్పడం మంచి ఉపాధ్యాయుని లక్షణం. ఆ లక్షణాన్నే ఆయన మైదానంలోనికి తీసుకుని వెళ్ళారు.

1943లో వారు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. అనంతరం హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950లో డ్యూరాండ్ కప్పును గెలుచుకున్నది. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయిలోని రోవర్స్ కప్పును మరొకరికి దక్కనీయలేదు. కలకత్తా మహా జట్లకు దక్కను నుండి ఇట్టి ప్రత్యర్థి బయలుదేరగలదని అంతకుముందు ఎవరు ఊహించి ఉంటారు?

ఈ విజయాల రహస్యం వారి సాధన పద్ధతిలో ఉన్నది. సాధారణంగా ఆటగానికి ఒక కాలే వశమై ఉంటుంది. ఎదుటివాడు ఆ సంగతి కనిపెట్టి ఆ వైపు అడ్డగిస్తే ఆట అంతటితో ముగుస్తుంది. అందుచేత రహీం సాహెబు బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను ప్రత్యేకంగా ఏర్పాటు చేశారు. బంతిని కాళ్ళ మధ్య త్రిప్పుకుంటూ పోరాదనే నియమంతో మరికొన్ని పోటీలు జరిపించారు. మనిషి ఎంత వేగంగా పరుగెత్తినా బంతి వేగాన్ని అందుకొనలేడు. కనుక బంతి రాగానే ఒక్క తాకిడితో సహచరునికి అందించడం వారి ఆటకు మూలసూత్రమైనది. సాధన అంటే వచ్చిన విద్యను వల్లెవేయడం కాదు, రాని విద్యను వచ్చేటట్లు చేసుకొనడం అని ఈ పద్ధతి మనకు బోధిస్తున్నది.

సన్నాహం లోపిస్తే ఏమగునో కూడా ఆయన కన్నులారా చూశారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో వారి శిష్యులు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చారు. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో ఘోర పరాజయం ఎదురైనది. ఆ చలిలో మనవారిలో పలువురు వట్టి కాళ్ళతో ఆడారు. ఆ ఓటమి తరువాత మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ళు గడిచేసరికి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో, భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరినది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతవరకు చేరిన తొలి ఆసియా జట్టు మనదే. చివరకు నాలుగవ స్థానం లభించినది.

ఆ జట్టులోని తులసీదాస్ బలరాం సికిందరాబాదు సమీపంలోని అమ్ముగూడలో పుట్టిన పేద యువకుడు. శిక్షణకు రావలెనన్న కోరిక ఉన్నది గాని, అంత దూరం రావడానికి చేతిలో పైకము లేదు. రహీం సాహెబు సైకిలు అద్దెకు డబ్బిచ్చి అతనిని మైదానానికి రప్పించారు. ఆ యువకుడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైన, పెరూపైన గోళ్ళు చేశాడు. సైకిలు అద్దె కూడా సన్నాహంలో భాగమేనని గ్రహించిన గురువు రహీం సాహెబు.

ఏ దేశంలోనైనా, ఏ ఆటలోనైనా సన్నాహం మెట్టు మెట్టుగా సాగవలసినదే. అమెరికాలో బేస్‌బాల్ ఆటలో బంతి విసిరేవానిని పిచ్చర్ అంటారు. అతడు మైదానంలో అడుగుపెట్టి వెంటనే పూర్తి బలంతో విసరడు. మొదట మెల్లగా పరుగెత్తి ఒంటికి వేడి పుట్టించుకుంటాడు. భుజాలను, నడుమును, తొడలను సాగదీస్తాడు. దగ్గర నిలిచి తేలికగా విసిరి, క్రమంగా దూరం పెంచుతాడు. చివరకు ప్రక్కనున్న ప్రత్యేక స్థలంలో ఆటలో వేయవలసిన బంతులన్నీ ఒక్కొక్కటిగా వేసి చూసుకుంటాడు. వేడెక్కిన కండరానికి రక్తం సమృద్ధిగా అందుతుంది, అది సులువుగా సాగుతుంది. చల్లబడి ఉన్న కండరం హఠాత్తుగా లాగితే బెణుకుతుంది. మన క్రికెట్ బౌలరుకూ, ఫుట్‌బాల్ ఆటగానికీ ఈ ధర్మమే వర్తిస్తుంది. అయితే శరీరానికి వేడి పుట్టించడం ఎవరైనా నేర్పగలరు. పోటీకి ముందు మనస్సును సిద్ధం చేయడంలోనే రహీం సాహెబు ప్రతిభ కానవస్తుంది.

ఆ ప్రతిభకు గొప్ప పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయిలాండ్‌తో జరిగిన ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరంతో పడకచేరాడు. ఇజ్రాయిల్, తైవాన్ జట్లను రానీయకపోవడాన్ని భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ ఆక్షేపించినందుకు స్థానిక ప్రజలు మనపై కోపించి ఉన్నారు. ఇన్ని కష్టాల నడుమ రహీం సాహెబు ధైర్యం చెదరలేదు. తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ వెనుక వరుసలో బంతికి తల ఒడ్డుట ప్రమాదమని, అతనిని ముందు వరుసకు మార్చారు. దక్షిణ వియత్నాంపై సెమీఫైనల్‌లో 3-2 విజయం లభించినది. ఫైనల్‌కు కోలుకున్న తంగరాజును తిరిగి తీసుకున్నారు. ఆటకు ముందు ఆటగాళ్ళను దగ్గర కూర్చుండబెట్టుకుని, తమకు బహుమతిగా స్వర్ణపతకం తెచ్చి ఇమ్మని మాత్రమే కోరారు.

1962 సెప్టెంబరు 4న సుమారు లక్షమంది ప్రేక్షకుల ఎగతాళి కేకల మధ్య భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించినది. పి.కె. బెనర్జీ ఒక గోలు, ముందు వరుసకు మారిన జర్నైల్ సింగ్ మరొక గోలు చేశారు. ఆనాడు ఆ మైదానంలో భారతదేశం పక్షాన కేకలు వేసినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు. క్రీడ మనుష్యుల మధ్య గోడలను తొలగించగలదనడానికి ఇంతకన్న నిదర్శనం వేరే కావలెనా?

అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయనను లోలోపల దహిస్తున్నది. 1963 జూన్ 11న, యాభై మూడవ ఏట, రహీం సాహెబు కన్నుమూశారు. ఆయన తరువాత భారతదేశం 1970లో కాంస్యం పొందినది గాని, ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మరల మనకు దక్కలేదు. 1960 తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన జట్టు కనిపించలేదు. మన దేశంలో ప్రతిభ అంతరించిందని మేము నమ్మము. ప్రతిభను ఓర్పుతో సిద్ధం చేసే ఉపాధ్యాయులు కరువగుటయే ఇందుకు ముఖ్య కారణమని మా అభిప్రాయము.

అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపట్ల పల్లెలలో బలరాం వంటి యువకులు నేటికీ ఉండవచ్చును. పోటీ నాడు చొక్కాలు పంచి పంపిస్తే వారు తయారు కారు. ఏడాది పొడుగునా మైదానం, నేర్పే గురువు, సాయంకాలం ఇల్లు చేరడానికి బస్సు చార్జీ వారికి అమరవలెను. కళాశాల పాలకవర్గం పెద్దలు ఈ విషయాన్ని ఆలోచించవలెనని మనవి చేస్తున్నాము. ఇక విద్యార్థి సోదరులారా, మీకు రాని కాలు ఏదో, మీకు రాని పాఠం ఏదో ముందుగా తెలుసుకొనండి. రేపటి సాధన దానితోనే ఆరంభించండి. రహీం సాహెబుకు మనం చెల్లించగల గురుదక్షిణ అదియే.