పాలపుంతకు కొలకర్ర చేసిన వైను బప్పు

పోయిన సంచికలో పొడుపు కథలు, కవితలు ఎక్కువయ్యాయని, ఈసారి ఒక గొప్పవారి జీవితం రాయమని నాకు అప్పగించారు. ఎవరి గురించి రాయాలా అని తల గోక్కుంటుండగానే దసరా సెలవులు వచ్చాయి.

మా అన్న హైదరాబాదులో, దోమలగూడలో చిన్న గది తీసుకుని ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాడు. సెలవుల్లో నాలుగు రోజులు ఆయన దగ్గరే ఉన్నాను. ఎంగిలిపూల బతుకమ్మ నాడు రాత్రి బువ్వ తిని డాబా ఎక్కాను. అమావాస్య. మన దగ్గర అమావాస్య రాత్రి ఆకాశం పిండి ఆరబోసినట్టుంటుంది కదా. అక్కడ వేళ్ళు మడిచి లెక్కపెడితే ఇరవై చుక్కలు కూడా తేలలేదు. పాలపుంత జాడే లేదు. వీధి దీపాల వెలుగంతా పైకి పోయి ఆకాశాన్ని దుప్పటిలా కప్పేసింది. అన్నను అడిగితే, పట్నం వచ్చినప్పటి నుంచి తానూ పాలపుంతను చూడలేదన్నాడు.

మర్నాడు అన్న వెంట చిక్కడపల్లి లైబ్రరీకి పోయాను. అక్కడ చదువుతుంటే నాకు మనిషి దొరికాడు. ఆయన పేరు మనాలి కల్లట్ వైను బప్పు. దోమలగూడకు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న బేగంపేటలో ఒకప్పుడు చుక్కలు చూసే కేంద్రం ఉండేది. దాని పేరు నిజామియా అబ్జర్వేటరీ. నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన ఇంగ్లండు నుంచి దుర్భిణి తెప్పించి 1901లో ఫిసల్‌బండలో దాన్ని మొదలుపెట్టాడు. ఆయన పోయాక 1908లో బేగంపేటకు మార్చారు. ఆకాశంలో తమకు అప్పగించిన భాగాన్ని ఫోటోలు తీసి, లక్షల కొద్దీ నక్షత్రాల స్థానాలు కొలిచి పట్టికలు అచ్చు వేశారు. ఆ కేంద్రంలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకే మన బప్పు.

బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టాడు. వాళ్ళది కేరళ కుటుంబం. తండ్రి ఉద్యోగం వల్ల హైదరాబాదులో పెరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు. మనకు నాన్న వెంట పొలం పోవడం ఎట్లాగో, ఆ పిల్లవాడికి నాన్న వెంట దుర్భిణి దగ్గరికి పోవడం అట్లాగ. వెలుగు పెరిగి తరిగే నక్షత్రాలను గమనించి, కాలేజీలో ఉండగానే పరిశోధనా వ్యాసాలు రాశాడు. తర్వాత హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద 1949లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు.

ఇక్కడ కథ కాసేపు ఆపి పాలపుంత సంగతి చెప్పాలి. అది తెలియకపోతే బప్పు చేసిన పని తెలియదు.

మనం రాత్రి చూసే తెల్లని చార పాలూ కాదు, మబ్బూ కాదు. అదంతా నక్షత్రాల గుంపు. మన సూర్యుడూ ఆ గుంపులో ఒకడు. మెస్సులో జొన్నరొట్టె మీ ముందు ఉందనుకోండి. అడుగు వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం, నడుమ కొంచెం ఉబ్బు. పాలపుంత పళ్ళెం ఇంచుమించు ఆ కొలతల్లోనే ఉంటుంది. వెడల్పు దాదాపు లక్ష కాంతి సంవత్సరాలు, మందం వెయ్యి కాంతి సంవత్సరాలు. కాంతి సంవత్సరం అంటే వెలుగు ఏడాదిలో పోయే దూరం. మన సూర్యుడు నడుమా లేడు, అంచునా లేడు. రొట్టె మధ్య నుంచి సుమారు మూడు అంగుళాల దూరంలో ఉన్నాడు. అంటే 26 వేల కాంతి సంవత్సరాలు.

ఆ రొట్టె లోపల ఒక చీమ ఉందనుకోండి. పైకి, కిందికి చూస్తే కొంచెం రొట్టే అడ్డం వస్తుంది. పక్కలకు చూస్తే ఎటు చూసినా రొట్టే. మనమే ఆ చీమలం. పక్కలకు చూసినప్పుడు వేల కోట్ల నక్షత్రాలు ఒకదాని వెనుక ఒకటి పేరుకుని తెల్లని చారగా కనిపిస్తాయి. అందుకే పాలపుంత ఆకాశమంతా కాకుండా ఒక పట్టీలాగా ఉంటుంది.

మరి లోపలున్న చీమకు రొట్టె ఆకారం ఎట్లా తెలుస్తుంది? బయటికి పోయి చూసే వీలు లేదు. ఉన్న దారి ఒక్కటే, దూరాలు కొలవడం. హార్లో షేప్లీ అనే శాస్త్రవేత్త 1918లో ఆ పనే చేశాడు. పాలపుంత చుట్టూ బంతుల్లాంటి నక్షత్ర గుచ్ఛాలు ఉంటాయి. వాటి దూరాలు లెక్కకట్టి, అవి ఎక్కువగా ధనుస్సు రాశి వైపే గుమిగూడాయని చూపించాడు. కాబట్టి పాలపుంత కేంద్రం అటే ఉందనీ, సూర్యుడు నడుమ లేడనీ తేలింది. అయితే ఆయన చెప్పిన వెడల్పు మూడు రెట్లు ఎక్కువ. నక్షత్రాల మధ్య దుమ్ము ఉందనీ, అది వెలుగును మసకబారుస్తుందనీ అప్పటికి సరిగా తెలియదు. మసక లాంతరును చూసి దూరాన ఉందనుకోవడం లాంటిది. దుమ్ము సంగతి 1930లో ట్రంప్లర్ అనే ఆయన తేల్చాడు.

బప్పు హార్వర్డ్ చేరేసరికి అక్కడి అబ్జర్వేటరీకి డైరెక్టరు ఆ షేప్లీయే. అక్కడే బార్ట్ బాక్ అనే ఆచార్యుడు ఉన్నాడు. ఈయన జీవితమంతా పాలపుంతనే చదివాడు. భార్య ప్రిసిల్లాతో కలిసి పాలపుంత మీద పుస్తకం కూడా రాశాడు. పాలపుంతలో కనిపించే చిన్న చిన్న నల్లని దుమ్ము ముద్దల్లో నక్షత్రాలు పుడతాయని ఊహించినవాడు ఆయన. ఆ మాట నిజమేనని తర్వాత రుజువైంది. బేగంపేట కుర్రవాడు పోయి చేరింది అటువంటి చోటికి.

చేరిన కొద్ది నెలలకే, 1949 జూలై 2న, బప్పు దుర్భిణితో తీసిన ఫోటోలో ఒక కొత్త గీత కనిపించింది. అది అంతవరకు ఎవరూ చూడని తోకచుక్క. బాక్, న్యూకిర్క్ అనే విద్యార్థి కలిసి అది నిజమేనని చూసి, దాని దారి లెక్కకట్టారు. దానికి బప్పు–బాక్–న్యూకిర్క్ తోకచుక్క అని పేరు వచ్చింది. బప్పుకు డోనహో పతకం వచ్చింది. ఆ తోకచుక్క దొరికేనాటికి ఆయన వయసు 21 ఏళ్ళు. 1952లో డాక్టరేటు పొందాడు.

తోకచుక్క వల్ల పేరు వచ్చింది గాని, బప్పు చేసిన అసలు పెద్ద పని వేరే. కాలిఫోర్నియాలో ఓలిన్ విల్సన్ అనే శాస్త్రవేత్తతో కలిసి నక్షత్రాల వెలుగును రంగులుగా విడదీసి పరిశీలించాడు. ఆ రంగుల పట్టీలో ఊదా వైపు, కాల్షియం వల్ల ఏర్పడే నల్లని గీత ఒకటుంటుంది. మన ఎముకల్లో, గోడకు వేసే సున్నంలో ఉండే కాల్షియమే. సూర్యునిలాంటివి, అంతకన్నా చల్లనివి అయిన నక్షత్రాల్లో ఆ నల్లని గీత నడుమ సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. ఆ వెలుగు గీత ఎంత వెడల్పుంటే ఆ నక్షత్రం నిజంగా అంత ప్రకాశవంతమైనదని వాళ్ళిద్దరూ 1957లో చూపించారు. దీన్ని విల్సన్–బప్పు ఫలితం అంటారు.

దాంతో లాభమేమిటి? అవతలి గుట్ట మీద లాంతరు మిణుకుమంటోంది. అది దగ్గరున్న చిన్న లాంతరా, దూరాన ఉన్న పెద్ద పెట్రోమాక్సా చెప్పలేం. దాని అసలు వెలుగు ఎంతో తెలిస్తే, మనకు కనిపించే వెలుగుతో పోల్చి దూరం కట్టవచ్చు. నక్షత్రం తన అసలు వెలుగును ఆ గీతలో రాసిపెట్టుకుంది. చదవడం విల్సన్, బప్పు నేర్పారు. రొట్టెలోని చీమకు అట్లా ఒక కొలకర్ర దొరికింది.

ఇంత పేరు వచ్చాక అమెరికాలో ఉండిపోయినా ఎవరూ తప్పనరు. కానీ బప్పు తిరిగి వచ్చాడు. 1954లో ఉత్తరప్రదేశ్ అబ్జర్వేటరీలో చేరి, దాన్ని కాశీ నుంచి నైనితాల్ కొండల మీదికి తెచ్చి నిలబెట్టాడు. 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీకి డైరెక్టరు అయ్యాడు. అక్కడ సూర్యుణ్ణి చూడడం బాగానే సాగేది గాని, రాత్రి నక్షత్రాలను చూడడానికి ఆ చోటు అంత అనువు కాదు. కొత్త చోటు కోసం వెతికి వెతికి చివరకు తమిళనాడులో జవ్వాది కొండల మీద కావలూరు అనే పల్లెను ఎంచుకున్నాడు.

మిత్రులారా, ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఎందుకంటే జవ్వాది కొండలు మనవంటి గిరిజనుల కొండలు. అక్కడ ఉండేవారిని మలయాళీలంటారు. కేరళ వారని కాదు, అరవంలో మలై అంటే కొండ. చుట్టూ అడవి, పట్నం దీపాలకు దూరం. పైగా దక్షిణాన ఉన్నందువల్ల ధనుస్సు రాశి, అంటే పాలపుంత నడిబొడ్డు, ఆకాశంలో బాగా పైకి వచ్చి కనిపిస్తుంది. దేశంలో పెద్ద పట్నాలు ఎన్నో ఉండగా ఆయనకు కావలసిన చీకటి గిరిజనుల కొండ మీద దొరికింది.

1968లో అక్కడ 38 సెంటీమీటర్ల దుర్భిణితో పని మొదలైంది. దాన్ని సంస్థలోనే తయారుచేసుకున్నారు. 1972లో ఒక మీటరు దుర్భిణి వచ్చింది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు, ఆ గ్రహం చుట్టూ వలయాలున్న జాడ వేరే దేశాలవారితో పాటు కావలూరులోనూ దొరికింది. బప్పుకు అదీ చాలలేదు. 2.34 మీటర్ల అద్దంతో పెద్ద దుర్భిణిని బయటి నుంచి కొనకుండా మన దేశంలోనే చేయాలని పట్టుబట్టాడు. అద్దాన్ని బెంగుళూరులో తమ సంస్థ పనివారితోనే అరగదీయించాడు.

1979లో ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తలందరి సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1981లో పద్మభూషణ్ వచ్చింది. 1982 ఆగస్టులో ఆ సంఘం మహాసభలు గ్రీసులో జరుగుతున్నాయి. అధ్యక్షుడు మాత్రం అక్కడ లేడు. జర్మనీలోని మ్యూనిచ్‌లో గుండె ఆపరేషన్ తర్వాత కోలుకోక, ఆగస్టు 19న కన్నుమూశాడు. వయసు 55 ఏళ్ళే. తన పెద్ద దుర్భిణిలో ఒక్క చుక్కనైనా చూసుకోలేదు. 1986 జనవరి 6న రాజీవ్ గాంధీ దాన్ని ప్రారంభించి, దానికీ ఆ కేంద్రానికీ వైను బప్పు పేరు పెట్టారు.

ఇప్పుడు పాలపుంత గురించి మనకు తెలిసింది బాగా పెరిగింది. అందులో పది వేల కోట్ల నుంచి నలభై వేల కోట్ల దాకా నక్షత్రాలుంటాయని అంచనా. నడుమ ఉబ్బులో ఒక పొడుగాటి కడ్డీ ఆకారం, దాని చుట్టూ సుడి తిరిగిన చేతులు ఉన్నాయి. కేంద్రంలో 40 లక్షల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉంది. దాని బొమ్మను 2022లో విడుదల చేశారు. నక్షత్రాల మధ్య హైడ్రోజన్, హీలియం వాయువులు, దుమ్ము ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ బరువు మాత్రం కంటికి కనిపించని పదార్థానిదే. అదేమిటో ఇంకా ఎవరికీ అంతుపట్టలేదు. అది మనలో ఎవరికోసమో మిగిలి ఉందని నేను అనుకుంటున్నాను.

ఎందుకంటే, మిత్రులారా, పిల్లలకోడి చుక్కలనూ వేగుచుక్కనూ చూసి జాము చెప్పే తాతలు మనకున్నారు. బప్పు కొండలెక్కి వెతుక్కున్న చీకటి మన హాస్టల్ వెనుకనే ఉంది. అన్న గది డాబా మీద లేనిది మనకు ఊరికే దొరుకుతోంది. అయినా మనం ఎనిమిదింటికి దుప్పటి కప్పుకుని పడుకుంటున్నాం.

చివరగా వార్డెన్ సార్లకు ఒక మనవి. వచ్చే దీపావళి అమావాస్యకు ముందు రోజుల్లో ఒక సాయంత్రం, భోజనాలయ్యాక ఏడుంబావుకు, వరండా లైట్లూ గేటు లైటూ ఒక్క అరగంట ఆర్పించండి సార్. అందరం మైదానంలో వరుసగా కూర్చుంటాం, అల్లరి చేయం. నైరుతి మూలన కిందికి ధనుస్సు కనిపిస్తుంది. అక్కడి నుంచి తెల్లని చార మన నెత్తి మీదుగా ఉత్తరానికి పోతుంది. అటు చూపిస్తూ ఈ కథ చిన్న తరగతుల తమ్ముళ్ళకు నేనే చెబుతాను. మబ్బు పడితే మర్నాడు.