బడిపంతులు ఓమ్ గారు

పదో తరగతి మనవడో మనవరాలో భౌతికశాస్త్రం పుస్తకంతో వచ్చి లెక్క చెప్పమంటే, కోసిగిలోనైనా, ఆదోని, ఎమ్మిగనూరుల్లోనైనా మన పెన్షనర్లకు ముందు గుర్తొచ్చే పేరు ఓమ్. 230 వోల్టుల కరెంటుకు 46 ఓముల నిరోధం గల హీటరు తగిలిస్తే ఎన్ని ఆంపియర్లు? 230ని 46తో భాగిస్తే 5. ఈ చిన్న భాగహారం వెనుక ఒక బడిపంతులు పడిన కష్టం చాలా ఉంది.

జార్జ్ సైమన్ ఓమ్ గారు 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో జన్మించారు. తండ్రి తాళాలు చేసే పనివారు. ఆయన సొంతంగా చదువు నేర్చుకొని, కొడుకులకు గణితం, భౌతికశాస్త్రం తానే బోధించారు. ఓమ్ గారు పదేళ్ళ వయసులోనే తల్లిని పోగొట్టుకున్నారు. 1817లో కొలోన్ నగరంలోని ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరి, అక్కడి ప్రయోగశాలలో విద్యుత్తుపై పరిశోధన సాగించారు.

ఆనాటి బ్యాటరీల కరెంటు నిలకడగా ఉండేది కాదు. అందుకని ఆయన వేడి సాయం తీసుకున్నారు. రాగిని, బిస్మత్ లోహాన్ని జోడించి, ఒక అతుకును మరిగే నీటిలో, మరో అతుకును మంచులో ఉంచితే నిలకడైన కరెంటు వచ్చింది. దానితో 1826లో వేర్వేరు పొడవుల తీగలను పరీక్షించారు. వేడి ప్రవాహంపై ఫ్రాన్సు దేశపు ఫూరియే 1822లో ప్రచురించిన గ్రంథం ఆయనకు దారి చూపింది. గరిటె కాడ పొడవుగా, సన్నగా ఉంటే చేతికి చేరే వేడి తక్కువ. తీగలో విద్యుదావేశం నడక కూడా అంతే. తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది, లావు పెరిగితే తగ్గుతుంది. ఉష్ణోగ్రతల తేడా వేడిని నడిపినట్లే, వోల్టుల తేడా కరెంటును నడుపుతుంది. పొలాల్లో లైను చివరనున్న మోటారుకు వోల్టేజి తగ్గడానికి ఈ తీగ నిరోధం కూడా ఒక కారణం.

1827లో ఈ సంగతులన్నీ పుస్తకంగా వెలువరించారు. స్వదేశంలో ఆదరణ దొరకలేదు. మనసు నొచ్చి 1828లో ఉద్యోగం వదులుకున్నారు. కొన్నేళ్ళు బెర్లిన్‌లో చిన్న కొలువులతో నెట్టుకొచ్చి, 1833లో న్యూరెంబర్గ్ సాంకేతిక విద్యాలయంలో చేరారు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకంతో గౌరవించింది. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో పూర్తిస్థాయి ఆచార్య పదవి 1852లో, 63వ ఏట దక్కింది. అంటే మనమంతా రిటైరైపోయే వయసు దాటాక! రెండేళ్ళకే, 1854 జూలై 6న కన్నుమూశారు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధపు కొలతకు ఆయన పేరు ఖాయం చేసింది.

సర్వీసులో రావలసిన గుర్తింపు ఆలస్యమైతే కలిగే బాధ మనకు కొత్త కాదు. అయినా చేసిన పని సరైనదైతే అది నిలుస్తుంది. ఈసారి పిల్లలు లెక్క అడిగితే, జవాబుతో పాటు ఈ మాస్టారి కథ కూడా చెప్పండి.