ఐదడుగుల నాలుగంగుళాల సేనాధిపతి

పిల్లవాడికి మిలటరీ అంటే ఇష్టం, కానీ ఎత్తు చాలదు. మచిలీపట్నమైనా, గుడివాడైనా, అవనిగడ్డైనా, తొమ్మిది, పది తరగతుల పిల్లల తల్లిదండ్రుల నోట ఈ మాట వింటూనే ఉంటాం. మీ ఇంట్లోనూ గుమ్మం పక్క గోడ మీద పెన్సిల్ గీతలు ఉండే ఉంటాయి. పొద్దున్నే కడ్డీ పట్టుకుని వేలాడటం, పొడుగు పెంచుతామని చెప్పే పౌడర్ డబ్బా కొనడం కూడా అయిపోయి ఉంటుంది. (ఆ డబ్బా ఖరీదుకు నెలంతా కోడిగుడ్లు వస్తాయి. పిల్లలకు అవే మేలు.)

ఈ నెల మీకు ఒక పొట్టి సైనికుడి జీవితం చెబుతాం. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు అంతగా కనిపించదు గానీ, నూట పాతికేళ్ల కిందట ప్రపంచమంతా తెలిసిన పేరది. ఫీల్డ్ మార్షల్ ఫ్రెడరిక్ రాబర్ట్స్. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలకు మించదు. కుడికన్ను కనిపించదు. అలాంటి మనిషి బ్రిటిష్ సైన్యం మొత్తానికీ సర్వ సేనాధిపతి అయ్యాడు. అయితే ఇది పూర్తిగా స్ఫూర్తి కథ కాదని ముందే చెబుతున్నాం. మన తెలుగువాళ్లకు సైన్యం తలుపులు మూసుకుపోవడంలో ఈ పొట్టి మనిషి చెయ్యి చాలా ఉంది.

రాబర్ట్స్ 1832లో మన దేశంలోనే, కాన్పూరులో పుట్టాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పెద్ద అధికారి. పసితనంలో వచ్చిన మెదడు జ్వరంతో కుడికన్ను చూపు పోయింది. చదువుకు ఇంగ్లండు పంపారు. అక్కడ కంపెనీ అధికారులను తయారుచేసే ఆడిస్కోంబ్ పాఠశాలలో చదివి, 1851 డిసెంబరులో బెంగాల్ ఫిరంగి దళంలో చేరాడు. ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. ఈ రోజు మన ఆర్మీ ర్యాలీలో జనరల్ డ్యూటీ జవానుగా చేరాలంటే ఆంధ్రప్రదేశ్ కుర్రాడికి 166 సెంటీమీటర్లు ఉండాలి. రాబర్ట్స్ దాదాపు 162. ఆ గీత దగ్గరే ఆయన ఆగిపోయేవాడు. ఇక కన్ను సంగతి సరేసరి. తండ్రి హోదా, కంపెనీ పలుకుబడి ఆయన్ని ఆ గీత దాటించాయి. ఈ మాట మరిచిపోయి ఆయన గొప్పతనం చెప్పుకుంటే సగం అబద్ధమే అవుతుంది.

అయితే చేరిన తర్వాత నిలబడింది మాత్రం సొంత పనితోనే. చిన్న ఒళ్లు సైన్యంలో ఎక్కడ పనికొస్తుందో ఆయన జీవితం చూస్తే బాగా అర్థమవుతుంది. మొదటిది గుర్రం. రాబర్ట్స్ చేరింది గుర్రాలు ఫిరంగులను లాక్కుంటూ పరుగెత్తే హార్స్ ఆర్టిలరీలో. రోజుకు అరవై, డెబ్భై కిలోమీటర్లు స్వారీ చేయాల్సినప్పుడు బరువు తక్కువ మనిషి కిందనున్న గుర్రం త్వరగా అలిసిపోదు. రెండోది క్వార్టర్‌మాస్టర్ జనరల్ శాఖ. పేరు పెద్దదే కానీ పని మన ఇంటి పెళ్లి పెత్తనం లాంటిది. పటాలం ఏ దారిన నడవాలి, రాత్రి ఎక్కడ దిగాలి, నీళ్లెక్కడ, గడ్డెక్కడ, బియ్యం ఎన్ని రోజులకు వస్తాయి, ఎన్ని పశువులు కావాలి, ఇవన్నీ చూసే శాఖ. ఇరవై ఏళ్లకు పైగా ఆ శాఖలోనే పనిచేశాడు. 1867-68లో అబిసీనియా దండయాత్రకు, 1871-72లో లుషాయ్ కొండల దండయాత్రకు సామాను లెక్కలు చూసిన వాళ్లలో ఆయనా ఒకడు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని మనవాళ్లు ఊరికే అనలేదు.

1857 తిరుగుబాటులో ఆయన మనకు ఎదుటి పక్షం. ఢిల్లీ ముట్టడిలో ఉన్నాడు. 1858 జనవరి 2న ఖుదాగంజ్ దగ్గర గుర్రం మీద వెంటాడుతూ తమ పక్షపు సవారును కాపాడి, సిపాయిల జెండా లాక్కున్నందుకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. మన చరిత్ర పుస్తకంలో ఆ జెండా పట్టుకున్నవాళ్లే వీరులు. పిల్లలతో ఈ కథ చెప్పుకునేటప్పుడు ఆ మాట కూడా చెప్పండి.

ఆయనకు అసలు పేరు తెచ్చింది 1880 ఆగస్టు నడక. కాందహార్‌లో బ్రిటిష్ పటాలం చిక్కుకుపోయింది. కాబూల్ నుంచి దాదాపు ఐదు వందల కిలోమీటర్లు. దాదాపు పదివేల మంది సైనికులను తీసుకుని రాబర్ట్స్ మూడు వారాలు దాటీ దాటకముందే అక్కడికి చేరాడు. చక్రాల ఫిరంగులు ఒక్కటీ తీసుకెళ్లలేదు. విప్పి కంచరగాడిదల వీపు మీద కట్టే చిన్న కొండ ఫిరంగులే వెంట ఉన్నాయి. పెద్ద సామానంతా వదిలేశాడు. దారిలో ఆయనకే జ్వరం వచ్చి చివరి రోజులు డోలీలో పడుకుని ప్రయాణం చేశాడు. సెప్టెంబరు 1న యుద్ధం గెలిచాడు. ఆ నడకలో ఆయన ఎక్కిన తెల్లని అరబ్బీ గుర్రం పేరు వోనోలెల్. ఎత్తు తక్కువ గుర్రమే. దానికి కూడా విక్టోరియా రాణి పతకాలు ఇచ్చింది! ఇదంతా విని మురిసిపోయే ముందు ఇంకో సంగతి. అంతకు ముందు ఏడాది అదే రాబర్ట్స్ కాబూల్‌లో ఎనభై మందికి పైగా అఫ్ఘన్లను ఉరి తీయించాడు. ఇంగ్లండులోనే దాని మీద గొడవ జరిగింది.

ఆ యుద్ధంలో ఆయనకు బాగా నచ్చినవాళ్లు గూర్ఖాలు. గూర్ఖాలు ఎంత ఎత్తుంటారో మీరు చూసే ఉంటారు. కొండలెక్కడంలో, రాతి చాటున నక్కి కాల్చడంలో వాళ్ల పొట్టితనమే బలం. పొడుగు సైనికుడు కనపడే చోట వాళ్లు కనపడరు. తర్వాత ప్రభువు బిరుదు వచ్చినప్పుడు తన వంశ చిహ్నానికి ఒక పక్క స్కాట్లండు సైనికుణ్ణి, ఇంకో పక్క గూర్ఖాను నిలబెట్టుకున్నాడు.

ఇప్పుడు కథ మన దగ్గరికి వస్తుంది.

1881లో రాబర్ట్స్‌ను మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా పంపారు. అప్పటి కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. ఈ సైన్యంలో తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. ఎంతగా అంటే, క్లైవ్ కాలంలో ఇక్కడి నుంచి బెంగాల్ వెళ్లిన సిపాయిల వల్ల ఉత్తరాదిన సిపాయికి తిలంగా అన్న పేరే స్థిరపడిపోయింది. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోటను పట్టుకున్నప్పుడు ఆయన బలగంలో తెల్లవాళ్ల కంటే సిపాయిలే ఎక్కువ. ఆ కోట శిథిలాలు చూడటానికి మీరు ఎప్పుడైనా పిల్లలను తీసుకెళ్లారా?

రాబర్ట్స్ మద్రాసు సైన్యంలో గురి చూసి కాల్చే శిక్షణ మీద బాగా శ్రద్ధ పెట్టాడు. కొన్నేళ్లు పటాలాల వెంట తిరిగాడు. చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. దక్షిణాదిన చాలాకాలం యుద్ధాల్లేక తమిళుల్లో, తెలుగువాళ్లలో పోరాట గుణం చచ్చిపోయిందని, ఉత్తరాది వీర జాతులతో, గూర్ఖాలతో వీళ్లకు పోలికే లేదని. తన ఆత్మకథలోనూ ఇదే రాసుకున్నాడు. 1885 నుంచి 1893 వరకు భారత సైన్యం మొత్తానికీ సేనాధిపతి కావడంతో ఆ అభిప్రాయం పద్ధతిగా మారింది. 1890లలో తెలుగువాళ్లను పదాతి పటాలాల్లో చేర్చుకోవడం ఆగిపోయింది. వంతెనలు, రోడ్లు, సొరంగాలు కట్టే మద్రాస్ శాపర్స్ మాత్రం నిలిచింది.

ఇందులో వింత ఏమిటో చూడండి. గూర్ఖా పొట్టివాడైనా పనికొస్తాడని గ్రహించిన మనిషి, తనే పొట్టివాడైన మనిషి, తెలుగువాణ్ణి మాత్రం పుట్టిన ప్రాంతం బట్టి తూకం వేశాడు. ఒక్కొక్కరినీ కొలిచే టేపు కంటే ఇది పెద్ద అన్యాయం. టేపు దగ్గర ఒక సెంటీమీటరు ఎక్కువున్నవాడు గట్టెక్కుతాడు, జాతి ముద్ర దగ్గర ఎవరూ గట్టెక్కరు. యుద్ధాల్లేక మెత్తబడ్డారన్న మాటలో ఉన్న పాటి నిజం కూడా ఇంకోలా చెప్పుకోవచ్చు. బెజవాడ ఆనకట్ట 1855కు పూర్తయింది. కాలువలు వచ్చాయి, వరి పండింది. పొలం కూడు పెడుతున్నప్పుడు డెల్టా కుర్రాడు ఏడు రూపాయల జీతానికి పటాలంలో చేరాలని ఎందుకు అనుకుంటాడు? పిరికితనానికీ దీనికీ సంబంధం లేదు.

1899 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో బోయర్లతో యుద్ధం. కొలెన్సో దగ్గర శత్రువు కాల్పుల మధ్య వదిలేసిన ఫిరంగులను తేబోయి రాబర్ట్స్ ఒక్కగానొక్క కొడుకు ఫ్రెడరిక్ దెబ్బతిని, రెండు రోజులకు చనిపోయాడు. ఆ రోజుల్లోనే తండ్రిని ఆ యుద్ధానికి సేనాధిపతిగా నియమించారు. కొడుకు పోయిన దుఃఖంతో అరవై ఏడేళ్ల వయసులో ఓడ ఎక్కాడు.

ఆ కొలెన్సోలో క్షతగాత్రులను మోసినవాళ్లలో గాంధీగారు కూడగట్టిన భారతీయ అంబులెన్స్ దళం ఉంది. మొత్తం 1100 మంది, వాళ్లలో 800 మంది నాటల్ తోటల కూలీలు. అక్కడి కూలీల్లో తమిళులు, తెలుగువాళ్లే ఎక్కువ. చేతికి తుపాకీ ఇవ్వని ఆ మనుషులు స్ట్రెచర్లు భుజాన వేసుకుని రోజుకు ముప్ఫై, నలభై కిలోమీటర్లు నడిచారు. సేనాధిపతి కొడుకును మోసింది తమ దళమేనని గాంధీగారు తర్వాత రాసుకున్నారు. పోరాట గుణం లేదని తండ్రి తీర్పు చెప్పిన మనుషుల భుజాల మీదే కొడుకు చివరి ప్రయాణం సాగింది. రాబర్ట్స్ దీని గురించి ఎప్పుడైనా ఆలోచించాడా అనిపిస్తుంది.

1901 నుంచి 1904 వరకు బ్రిటిష్ సైన్యానికి సర్వ సేనాధిపతి. ఆ పదవిలో ఆఖరివాడు ఆయనే. 1914 నవంబరులో, ఎనభై రెండేళ్ల వయసులో, ఫ్రాన్సులో పోరాడుతున్న భారత సైనికులను చూడటానికి వెళ్లి, చలికి న్యుమోనియా వచ్చి 14వ తేదీన చనిపోయాడు. అప్పటికి అక్కడి గూర్ఖాలకు ఒక కొత్త కష్టం వచ్చిపడింది. పొడుగు సైనికులు తమకోసం తవ్వుకున్న కందకాల్లోకి వీళ్లను దింపితే గట్టు పైనుంచి చూడటానికే అందలేదు. తప్పు గూర్ఖా ఎత్తుదా, కందకం లోతుదా? అదే నవంబరులో ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్‌లో ఐదడుగుల మూడంగుళాల కంటే తక్కువున్నవాళ్లతో బాంటమ్ పటాలాలు మొదలయ్యాయి. బాంటమ్ అంటే చిన్నజాతి కోడిపుంజు. గనుల్లో పనిచేసే గట్టి కూలీలు చాలామంది వాటిలో చేరారు.

మన పటాలాల సంగతి ఏమైంది అంటారా? మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మద్రాసు పదాతి పటాలాలను ఒక్కొక్కటిగా రద్దు చేశారు. 1928 నాటికి ఏమీ మిగల్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు కావాల్సి వచ్చి 1941-42లో మళ్లీ లేపారు. ఇప్పుడు మద్రాస్ రెజిమెంట్ కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. దక్షిణాది రాష్ట్రాలన్నిటి నుంచీ అక్కడికి వెళతారు, మన కుర్రాళ్లు కూడా.

ఇక మీకు కావలసిన లెక్కలు. ఎన్‌డీఏ ద్వారా ఆర్మీ, నేవీ అధికారులకు అబ్బాయిలకు 157 సెంటీమీటర్లు చాలు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఇంకా పెరుగుతారని రెండు సెంటీమీటర్ల సడలింపు కూడా ఉంటుంది. ఎయిర్‌ఫోర్స్ పైలట్‌కు 162.5 అడుగుతారు, కానీ అక్కడ పొడుగు కూడా చిక్కే. కూర్చున్నప్పటి ఎత్తు 96 సెంటీమీటర్లు, తొడ పొడవు 64 సెంటీమీటర్లు దాటితే కాక్‌పిట్‌లో పట్టరు. నేవీ అగ్నివీర్‌కు 157, ఎయిర్‌ఫోర్స్ అగ్నివీర్‌కు 152. నోటిఫికేషన్ మారుతుంటుంది కాబట్టి ఆ ఏడాదిది చూసుకోండి. నాగాయలంక, కోడూరు వైపు పడవ మీద పెరిగిన పిల్లలకు నేవీ గురించి ఎవరూ చెప్పకపోవడం మాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. విశాఖ బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ లోపలికి వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి దూరాలి. అక్కడ పొడుగు నాన్నలు తల కొట్టుకుంటారు, పొట్టి పిల్లలు పరుగెత్తుతారు. ముగ్గురే కూర్చునే టీ-72, టీ-90 ట్యాంకుల లోపల కూడా అంతే ఇరుకు.

ఎత్తు కంటే ఎక్కువమందిని వెనక్కి పంపేది కళ్లు. రాబర్ట్స్ ఈ రోజు అధికారుల మెడికల్ బోర్డు ముందు నిలబడితే ఎత్తులో గట్టెక్కి, కంట్లో పోయేవాడు. మన బందరు బీఈఎల్ సైన్యానికి చీకట్లో చూసే పరికరాలు తయారుచేస్తుంది గానీ, రంగులు గుర్తించలేని కంటికి అక్కడ కూడా మందు లేదు. మీ అబ్బాయి, అమ్మాయి ఎవరికి ఈ కోరిక ఉన్నా, తొమ్మిదో తరగతిలోనే ఒకసారి కంటి డాక్టర్‌కు చూపించి, దూరం చూపు, రంగుల గుర్తింపు రెండూ రాయించుకోండి.